ముందే చెప్పండి, రాసి పెట్టండి: గోదావరి డెల్టా కాలేజీల ప్రిన్సిపాళ్లకు, లెక్చరర్లకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

రాజమండ్రి నుంచి నరసాపురం దాకా, కాకినాడ నుంచి భీమవరం దాకా మన డెల్టాలో డిగ్రీ, ఇంజనీరింగ్ కాలేజీలు నడుపుతున్న ప్రిన్సిపాల్ గార్లకు, వాటిలో పాఠాలు చెప్పే లెక్చరర్లకు, హాస్టల్ వార్డెన్లకు నమస్కారాలతో రాస్తున్నాను.

నాది కోనసీమలో ఒక ఊరు. ఇక్కడి కాలేజీలోనే మ్యాథ్స్ గ్రూపుతో బీఎస్సీ చదివాను. నాకు ఆటిజం ఉంది, అంటే పుట్టుకతోనే మెదడు పనిచేసే తీరు వేరుగా ఉండటం. ఆ సంగతి డిగ్రీ రెండో సంవత్సరంలో ఉండగా వైజాగ్‌లో ఒక డాక్టరు గారు చెబితే తెలిసింది. అప్పటిదాకా చుట్టాలకు నేను నోట్లో నాలుక లేని పిల్లని. లెక్చరర్లలో కొందరికి బుద్ధిమంతురాలిని, కొందరికి తలపొగరు పిల్లని.

మిమ్మల్ని నేను అడిగేది ఒక్కటే. ఆటిజం ఉన్న విద్యార్థి చదువుకోవడానికి కావలసిన ఏర్పాట్లు కాలేజీ తరఫున కాగితం మీద రాసి, లెక్చరర్లందరూ పాటించేలా చూడండి. ఇప్పుడు ఆ పిల్లల చదువు ఒక మంచి లెక్చరర్ దొరకడం మీద ఆధారపడి ఉంది. దొరికితే గట్టెక్కుతారు. ఆయనకు బదిలీ అయితే కథ మళ్లీ మొదటికొస్తుంది.

నాకు జరిగింది అదే. మా మ్యాథ్స్ సార్ ఒకాయన క్లాసు మొదట్లోనే బోర్డు మూలన ఆ రోజు చెప్పబోయేదంతా వరసగా రాసేవారు. స్లిప్ టెస్టు ఎప్పుడో, ఎంతవరకో ముందు వారమే చెప్పేవారు. నా విషయం తెలిశాక నోటితో జవాబు చెప్పాల్సిన వైవా ప్రశ్నలు కాగితం మీద రాసి ఇచ్చి, నేను ఆలోచించుకునేదాకా ఆగేవారు. గోడ పక్క సీటు నాకు ఉంచమని పిల్లలకు చెప్పారు, ఎందుకో మాత్రం చెప్పలేదు. ఇవన్నీ ఆయన సొంతంగా చేసినవి. మూడో సంవత్సరంలో ఆయన వేరే జిల్లాకు బదిలీ అయ్యారు. కొత్తగా వచ్చిన ఆయన చెడ్డవారు కాదు, కానీ ఆయనకు ఎవరూ ఏమీ చెప్పలేదు, చదవడానికి ఫైలులో ఒక్క ముక్కా లేదు. నేను వెళ్లి చెప్పుకోవాలంటే నా కష్టమే అది కదా, మాట్లాడటం. ఆ సెమిస్టరులో నాకు వచ్చిన మార్కులకు, నాకు తెలిసిన లెక్కలకు పొంతన లేదు.

ఆటిజం అనగానే చాలామందికి మాటలు రాని చిన్నపిల్లవాడే గుర్తొస్తాడు. ఆ పిల్లవాడు పెద్దవాడవుతాడు. కొందరు జీవితాంతం మాట్లాడకుండా, రాసి చెబుతారు. కొందరు గడగడా మాట్లాడతారు, ఇష్టమైన విషయం దొరికితే ఆపరు. కొందరు, ముఖ్యంగా ఆడపిల్లలు, పక్కవాళ్లను చూసి నవ్వడం, తలూపడం నేర్చుకుని అందరిలో కలిసిపోయినట్టు కనిపిస్తారు. సాయంత్రం ఇంటికెళ్లాక చీకటి గదిలో పడుకుంటే తప్ప మర్నాటికి లేవలేరు. మన ఇళ్లల్లో మాట్లాడని ఆడపిల్లను మెచ్చుకుంటారు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. ఇంటర్ వరకూ తెలిసిన ఊరు, తెలిసిన మాస్టార్లు, ఒకే గది, ఒకే బెంచీతో నెట్టుకొస్తారు. కాలేజీలో అవన్నీ ఒక్కసారిగా పోతాయి.

చిన్నప్పుడే గుర్తించిన పిల్లలకు స్కూలు దాకా కాస్త దారి ఉంది. మండలాల్లో భవిత కేంద్రాలు ఉన్నాయి, వాటిలో ప్రత్యేక శిక్షణ పొందిన టీచర్లు ఉంటారు. ప్రభుత్వ బాలల ఆరోగ్య పథకం 18 ఏళ్ల వరకూ చూస్తుంది. పద్దెనిమిది నిండి కాలేజీ గేటు దాటగానే ఆ చేతులన్నీ వదిలేస్తాయి. ఆ తర్వాత ఉన్నది మీరే.

ఇక అసలు విషయం, ముందే చెప్పడం.

వరదల కాలంలో ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. మొదటి హెచ్చరిక వినగానే లంకల్లో వాళ్లు గొడ్లను గట్టు మీదకు తోలుకొస్తారు, సామాన్లు అటక ఎక్కిస్తారు. వచ్చే నీళ్లు అవే అయినా ముందు తెలిస్తే తట్టుకునే తీరు వేరు. ఆటిజం ఉన్న విద్యార్థికి మార్పు అలాంటిదే. నేను పొద్దున్న లేవగానే ఆ రోజు ఎలా సాగుతుందో మనసులో వరస వేసుకుంటాను: ఏ బస్సు, ఏ సీటు, ఏ గది, ఏ క్లాసు. మిగతా పనంతా ఆ వరస మీదే నిలబడుతుంది. మధ్యలో ఒకటి చెప్పాపెట్టకుండా మారితే ఆ గంటంతా వరస మళ్లీ పేర్చుకోవడానికే సరిపోతుంది, పాఠం చెవికెక్కదు. కెమిస్ట్రీ బదులు ఇంగ్లిష్, 12వ నంబరు గది బదులు సెమినార్ హాలు, రేపు అన్న మిడ్ ఎగ్జామ్ ఇవాళే. మిగతా పిల్లలు విసుక్కుని మరిచిపోయే సంగతులివి. నాకు కడుపులో తిప్పేది.

అన్నీ ముందే చెప్పడం కుదరదని నాకూ తెలుసు. వాయుగుండం పడితే రాత్రి పదింటికి కలెక్టర్ గారు సెలవు ప్రకటిస్తారు, దానికి మీరేం చేయలేరు. కానీ సెమిస్టరు మొదట్లోనే మిడ్ తేదీలు, అసైన్‌మెంట్ల గడువులు, ల్యాబ్ వరస ఒక కాగితం మీద ఇవ్వొచ్చు. మార్పు ఉంటే క్లాసు గ్రూపులో సందేశం పెట్టొచ్చు, అదీ "రేపు కొంచెం మార్పు ఉంది" అని కాకుండా ఏది, ఎప్పుడు, ఎక్కడ అన్నది పూర్తిగా రాసి. నోటితో చెప్పిన ప్రతి ముఖ్యమైన మాటా రాతలో కూడా ఉండాలి. నాలాంటి చాలామందికి విన్నది జారిపోతుంది, చదివింది నిలుస్తుంది.

రెండోది శబ్దం, వెలుతురు, వాసన. డాక్టర్లు ఆటిజం నిర్ధారణకు వాడే డీఎస్‌ఎం గ్రంథం 2013లో వచ్చిన అయిదో కూర్పులో, వీటికి మరీ ఎక్కువగా గానీ మరీ తక్కువగా గానీ స్పందించడాన్ని లక్షణాల్లో చేర్చింది. అంటే ఇది నాజూకుతనం కాదు, గారాబమూ కాదు. మినుకుమినుకుమనే ట్యూబ్‌లైటు, కిర్రుమనే ఫ్యాను, కరెంటు పోగానే కిటికీ పక్కన మొదలయ్యే జనరేటరు, చవితి పందిరి మైకు, కాలేజీ బస్సులో పాటలు, వాన రోజుల్లో నలభై తడి గొడుగుల వాసన. మీ చెవి వీటిని వెనక్కి నెట్టేస్తుంది. నా చెవి నెట్టలేదు, లెక్చరర్ గొంతూ ఫ్యాను చప్పుడూ ఒకే ఎత్తున వినిపిస్తాయి. చెవుల్లో దూది పెట్టుకుంటే "పాఠం వినడం ఇష్టం లేదా" అని బయటకు పంపారు ఒకసారి. దూది పెట్టుకున్నది ఆ పాఠం వినడానికే.

దీనికి పెద్ద ఖర్చేమీ లేదు. పాడైన ట్యూబ్‌లైటు మార్చండి. ఇయర్‌ప్లగ్‌లు పెట్టుకోనివ్వండి. పరీక్షలకు జనరేటరుకు దూరంగా ఉన్న గది ఇవ్వండి. లైబ్రరీలో ఒక మూల గదినో, వాడకుండా ఉన్న స్టాఫ్ గదినో నిశ్శబ్దంగా కూర్చునే చోటుగా ఉంచండి, దాని తాళం ఎవరి దగ్గర ఉంటుందో ఆ విద్యార్థికి తెలిస్తే చాలు. ఫ్రెషర్స్ డేకి, డీజే పెట్టిన ఏ వేడుకకైనా రాకపోతే హాజరు తీసేయకండి.

వైవా గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ నష్టం జరిగేది అక్కడే. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ గారు "చెప్పమ్మా, ఏం చేశావు?" అంటారు. ఏం చేశానంటే, ఏది? పొద్దున్న చేసిందా, ఈ ప్రయోగంలో చేసిందా, సెమిస్టరు మొత్తమా? ఎదుటివాళ్లకు అది మాట మొదలుపెట్టడం. నాకు అది గడువుతో కూడిన పజిల్. నేను ఆలోచించే లోపు ఆయన తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోతారు, "రాదు" అని రాసుకుంటారు. కళ్లలోకి చూడలేదని ఒకరు, నవ్వలేదని ఇంకొకరు మార్కు తగ్గిస్తారు. ఎదుటివాళ్ల కళ్లలోకి చూస్తూ లెక్క చెప్పమంటే నాకు రెండిట్లో ఒకటే అవుతుంది. ప్రశ్న సూటిగా అడగండి: "ఈ గ్రాఫులో వాలు ఎలా కనుక్కున్నావు?" అడిగాక పది సెకన్లు ఆగండి. వీలైతే రాసి ఇవ్వండి. బయటి ఎగ్జామినర్‌కు కాలేజీయే ముందు తెలియజేయాలి, ఆ పని విద్యార్థి మీద వేయకూడదు. డేమియన్ మిల్టన్ అనే పరిశోధకుడు, తానూ ఆటిజం ఉన్నవాడే, 2012లో ఒక వాదన చేశాడు. ఆటిజం ఉన్నవాళ్లకు ఇతరులు ఎంత అర్థం కారో, ఇతరులకు వాళ్లూ అంతే అర్థం కారని, కాబట్టి లోపం ఒకవైపే పెట్టకూడదని. వైవా గదిలో కూర్చున్న ప్రతిసారీ నాకు అది నిజమనిపించేది.

మాటను మాటగానే తీసుకోవడం కూడా మాలో చాలామందికి ఉంది. "ఇష్టం లేకపోతే బయటకు వెళ్లిపో" అని కోప్పడితే నిజంగానే లేచి వెళ్లిపోయే పిల్లవాడు మిమ్మల్ని ఎదిరించడం లేదు, మీరు చెప్పింది చేస్తున్నాడు. ఏం చేయాలో అది చెప్పండి. ప్రాజెక్టులకు "మీలో మీరే టీములు చేసుకోండి" అంటే చివరికి మిగిలిపోయేది ఎవరో మీకు తెలుసు. టీములు మీరే వేయండి, ఎవరి పని ఏమిటో రాయించండి. డిగ్రీ మొదటి ఏడాది తర్వాత చేసే కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టులో ఇంటింటికీ తిరిగి తలుపు కొట్టి ప్రశ్నలు అడగాలి. అది నాకు ఎంత నరకమో చెప్పలేను. అదే సర్వేలో వచ్చిన కాగితాలన్నీ పట్టికలుగా వేయమంటే రాత్రంతా కూర్చుని సంతోషంగా చేసేదాన్ని. రెండూ ఆ ప్రాజెక్టులో భాగమే కదా.

భారం మరీ ఎక్కువైనప్పుడు ఒళ్లు, మనసు పట్టు తప్పుతాయి. కొందరు ఏడుస్తారు, తల బాదుకుంటారు, కొందరు బిగుసుకుపోయి పలకరు. నాకు ఒకసారి కాలేజీ వేడుకలో అలా అయింది. ఫిట్స్ అనుకుని ముఖాన నీళ్లు కొట్టారు, చేతిలో తాళాల గుత్తి పెట్టి గట్టిగా పట్టుకోమన్నారు, చుట్టూ యాభై మంది మూగారు, ఎవరో ఫోన్లో వీడియో తీశారు. అందరూ మంచి చేద్దామనే చేశారు, వీడియో తీసినవాళ్లు తప్ప. దయచేసి మీ సిబ్బందికి ఇది నేర్పండి: మూగిన వాళ్లను పంపేయాలి, మైకు ఆపాలి, లైటు తగ్గించాలి, ముట్టుకోకూడదు, ప్రశ్నలు అడగకూడదు. ఒక్కరు కాస్త దూరంలో కూర్చుంటే చాలు. నెమ్మదిస్తుంది. మర్నాడు క్లాసులో ఆ సంగతి ఎత్తకూడదు.

హాస్టళ్లలో ర్యాగింగ్ మీద 2009 యూజీసీ నిబంధనల ప్రకారం కమిటీలు ఉన్నాయి, గోడల మీద బోర్డులు ఉన్నాయి. కానీ ఆటిజం ఉన్న విద్యార్థి ఫిర్యాదు చేయకపోవచ్చు. తనను ఆడిస్తున్నారని, తన నడకను అనుకరిస్తున్నారని తెలియక, వాళ్లు స్నేహితులనే అనుకుంటాడు. వాళ్లు చెప్పినట్టల్లా చేస్తాడు, డబ్బులిస్తాడు. కాబట్టి వార్డెన్ గారూ, ఆ పిల్లవాడు వచ్చి చెప్పేదాకా ఆగకండి, మీరే గమనించండి. మెస్సులో రోజూ పెరుగన్నమే తింటున్నాడని నలుగురిలో వెక్కిరించకండి. ఆ కూర నోట్లో ఎలా తగులుతుందో అతనికే తెలుసు.

ఇక వైకల్యం ఉందని ప్రభుత్వం ఇచ్చే సర్టిఫికెట్ సంగతి. "సదరం సర్టిఫికెట్ తెస్తే చూద్దాం" అనే మాట చాలామంది విన్నారు. మన ప్రాంతంలో ఆ కాగితం తీసుకోవడానికి తల్లిదండ్రులు ఎందుకు జంకుతారో మీకు తెలియంది కాదు. పెళ్లి సంబంధాల భయం. చెల్లెలికి, అన్నకు కూడా సంబంధాలు రావేమోనన్న భయం. మా అమ్మ కూడా అదే అంది, ఏడ్చింది. ఆ భయం తప్పని వాదించి గెలవడానికి ఏళ్లు పడుతుంది, పిల్ల సెమిస్టరు అంతదాకా ఆగదు. అందుకని ఖర్చులేని ఏర్పాట్లకు, అంటే రాతలో సూచనలు, సీటు, ఇయర్‌ప్లగ్‌లు, వైవాలో కాస్త సమయం, వీటికి సర్టిఫికెట్ అడగకండి. డాక్టరు చీటీ ఉంటే చాలు, అదీ లేకపోతే విద్యార్థి మాట చాలు.

సర్టిఫికెట్ ఉన్నవాళ్లకు రావలసినవి మాత్రం పూర్తిగా ఇవ్వండి. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. 1995 నాటి పాత చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి, ఆటిజం లేదు. కొత్త చట్టంలోని 21లో ఆటిజం ఒకటి. వైకల్యం 40 శాతం, ఆపైన ఉన్నవాళ్లకు ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో కనీసం 5 శాతం సీట్లు కేటాయించాలి. రాత పరీక్షల్లో వాళ్లకు గంటకు 20 నిమిషాలకు తక్కువ కాకుండా అదనపు సమయం ఇవ్వాలని కేంద్రం 2018 ఆగస్టులో మార్గదర్శకాలు ఇచ్చింది. మూడు గంటల పరీక్షకు ఒక గంట. చట్టంలోని 16వ సెక్షన్ ప్రభుత్వ నిధులు తీసుకునే సంస్థలతో పాటు ప్రభుత్వ గుర్తింపు ఉన్న సంస్థల గురించీ మాట్లాడుతుంది, కాబట్టి ప్రైవేటు కాలేజీల యాజమాన్యాలు ఇది మాకు కాదనుకోవద్దు. తగిన సర్దుబాటు చేయకపోవడాన్ని ఆ చట్టం వివక్షగానే లెక్కేసింది. వికాశ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరి 11న ఇచ్చిన తీర్పు ఇంకో అడుగు వేసింది. రాసేటప్పుడు చెయ్యి సహకరించని ఒక సివిల్స్ అభ్యర్థికి 40 శాతం లేదన్న కారణంతో, తన బదులు రాసిపెట్టే స్క్రైబ్‌ను కాదనడం కుదరదని చెప్పింది. అంటే శాతం తక్కువైనా సర్దుబాటు హక్కు పోదు. ఈ తీర్పు ప్రతి ఎగ్జామినేషన్ సెల్‌లోనూ ఉండాలి.

"నలుగురికీ ఒకటే రూలు, ఒకరికి ఇస్తే అందరూ అడుగుతారు" అనే మాట వస్తుందని తెలుసు. అడిగితే అందరికీ ఇవ్వండి. పరీక్ష తేదీ ముందే చెబితే, సూచనలు రాసి ఇస్తే, ప్రశ్న సూటిగా అడిగితే ఎవరికి నష్టం? ఊరి బడిలో తెలుగు మీడియం చదివి వచ్చి ఇంగ్లిష్ పాఠం అందుకోలేక దిక్కులు చూసే పిల్లలకు, ఇంట్లో మొదటిసారి కాలేజీ మెట్లెక్కినవాళ్లకు కూడా అవి కావాలి. అదనపు సమయం మాటకొస్తే, లెక్క రానివాడికి ఇంకో గంట ఇచ్చినా లెక్క రాదు. వచ్చినవాడికే అది పనికొస్తుంది.

కాగితం మీద ఏముండాలో కూడా నాకు తోచింది చెబుతాను. ప్రతి కాలేజీలో ఒక లెక్చరర్‌ను, ఆయన లేనప్పుడు చూసుకోవడానికి ఇంకొకరిని ఈ పనికి పేరు పెట్టి నియమించండి. అడ్మిషన్ల సమయంలోనే, అప్లికేషన్‌తో పాటు ఇచ్చే కరపత్రంలో వాళ్ల పేర్లు ఉండాలి. క్లాసులు మొదలయ్యే ముందు విద్యార్థినీ ఇంటివాళ్లనూ ఖాళీ కాలేజీకి పిలిచి గదులు, ల్యాబులు, బాత్‌రూములు, బస్సు ఆగే చోటు చూపించండి. విద్యార్థికి ఏది కష్టం, ఏది సాయం అన్నది ఒక్క పేజీలో రాయించి, తన అనుమతితో మాత్రమే ఆ సెమిస్టరు లెక్చరర్లకు ఇవ్వండి. ఆటిజం అన్న మాట అందులో ఉండక్కర్లేదు. లెక్చరర్ మారితే ఆ పేజీ కొత్తవారికి అందాలి, ఛార్జి అప్పగించేటప్పుడు స్టాక్ రిజిస్టరుతో పాటు. హాజరు 75 శాతం దగ్గర ఇబ్బంది వస్తే డాక్టరు దగ్గరకు వెళ్లిన రోజులను వైద్య కారణం కింద చూడండి. క్యాంపస్ ప్లేస్‌మెంట్లకు వచ్చే కంపెనీలకు ఒక మాట చెప్పండి, గ్రూప్ డిస్కషన్‌తో పాటు పని చేయించి చూసే పరీక్ష కూడా పెట్టమని. నాకు ఉద్యోగం వచ్చింది అలాంటి పరీక్షతోనే. ఇప్పుడు రాజమండ్రిలో ఒక ఆఫీసులో లెక్కల పని చేస్తున్నాను.

కొత్త విద్యా సంవత్సరం క్లాసులు మొదలయ్యేలోగా ఆ కాగితం మీ కాలేజీలో తయారవ్వాలని కోరుతున్నాను. మీ స్టాఫ్ మీటింగుకు పిలిస్తే వస్తాను, ఆదివారమైనా సరే. మా అమ్మ కూడా వస్తానంది. తల్లిదండ్రులతో మాట్లాడాల్సి వస్తే తను బాగా మాట్లాడుతుంది. ఏ గదిలో, ఎన్ని గంటలకు, ఎంతమంది ఉంటారో, నన్ను ఏం అడుగుతారో రెండు రోజుల ముందు రాసి పంపండి.

ఇట్లు,
మీ కాలేజీల్లో ఒకదాని పూర్వ విద్యార్థిని,
కోనసీమ జిల్లా